ఘాజీ కథ అందరికీ తెలుసు, ఖుక్రీ నావికులను ఎవరు తలుచుకుంటున్నారు?

తీరవాసి (విశాఖపట్నం):

ఏటా డిసెంబరు 4న మా ఊళ్ళో నౌకాదళ దినోత్సవం జరుగుతుంది. బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. ఆ చుట్టుపక్కల రోజుల్లో పిల్లలను కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకువెళ్ళి, 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ హార్బరు ముందే ఎలా మునిగిందో చెబుతాం. కరాచీ మీద మన క్షిపణి పడవలు చేసిన దాడి, ఘాజీ మునక, ఈ రెండూ విశాఖ జనానికి కంఠతా వచ్చు.

ఆ తరువాత అయిదు రోజులకు డిసెంబరు 9 వస్తుంది, ఎవరికీ పట్టకుండా వెళ్ళిపోతుంది. 1971లో ఆ రాత్రి తొమ్మిది గంటలు కావస్తుండగా, డయ్యూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ళ దూరంలో, మన ఐఎన్ఎస్ ఖుక్రీ అనే ఫ్రిగేట్‌ను (ఒక తరహా యుద్ధనౌకను) పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో కొట్టింది. నిమిషాల్లోనే ఓడ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది చనిపోయారు. స్వతంత్ర భారత నౌకాదళం యుద్ధంలో పోగొట్టుకున్న యుద్ధనౌక ఇదొక్కటే.

ఖుక్రీ పేరు విన్నవారికి కూడా ఆ ఓడను నడిపిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గారి పేరు దగ్గరే జ్ఞాపకం ఆగిపోతుంది. ఆయనను తక్కువ చేయాలని కాదు. మిగిలిన 193 మంది గురించి తెలుగులో నాలుగు వాక్యాలైనా ఒకచోట లేకపోవడం నాకు వెలితిగా ఉంది. ఈ విషయం తెలిసినవారు, నౌకాదళంలో పనిచేసినవారు ఇక్కడ రాస్తే బాగుంటుంది.

విశ్రాంత నావికుడు (శ్రీకాకుళం):

మంచి చర్చ మొదలుపెట్టారు తీరవాసి గారూ. నేను ఖుక్రీ మునిగిన చాలా ఏళ్ళకు నౌకాదళంలో చేరాను. నా ఉద్యోగమంతా ఇంజను విభాగంలోనే గడిచింది కాబట్టి, ఓడ అడుగున పనిచేసేవాడి వైపు నుంచి చెబుతాను.

ఖుక్రీ పెద్ద ఓడ కాదు. బ్రిటన్‌లోని కౌస్ పట్టణంలో కట్టిన బ్లాక్‌వుడ్ తరగతి ఫ్రిగేట్, 1958లో మన దళంలో చేరింది. పొడవు 310 అడుగులు, ప్రొపెల్లరు ఒక్కటే. జలాంతర్గాములను వేటాడడం కోసమే తక్కువ ఖర్చుతో కట్టిన తరగతి అది. కిర్పాణ్, కుఠార్ దాని తోడు నౌకలు. ఆవిరితో నడిచే అలాంటి ఓడలో యుద్ధ సమయంలో బాయిలర్ గదిలోనూ ఇంజను గదిలోనూ వాచ్ మీద, అంటే డ్యూటీలో, ఉన్నవాడికి సముద్రమూ కనిపించదు, ఆకాశమూ కనిపించదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట వినపడదు. ఒళ్ళంతా చెమట, చేతిలో నూనె గుడ్డ, కళ్ళు మీటరు ముళ్ళ మీద. పైకి రావడానికి నిటారుగా ఉండే ఇనుప నిచ్చెన, దాని కొసన మనిషి పట్టేంత హ్యాచ్, అంటే మూత ఉన్న ద్వారం. దెబ్బ తగలగానే ఓడంతా చీకటైపోయిందని ఖుక్రీ నుంచి బతికి వచ్చినవారు చెప్పారు. ఓడ ఒక పక్కకు ఒరిగితే ఆ నిచ్చెన నిచ్చెనగా ఉండదు, గోడ నేల అవుతుంది, నేల గోడ అవుతుంది. ఆ చీకట్లో హ్యాచ్ ఎటు ఉందో చేత్తో తడుముకోవాలి, ఈలోగా నీళ్ళు అదే దారిన కిందికి వస్తుంటాయి.

బతికినవారు 67 మంది: ఆరుగురు అధికారులు, 61 మంది నావికులు. డెక్కు మీదనో, డెక్కుకు దగ్గరలోనో ఉన్నవాడికి అవకాశం ఉంటుంది, అడుగున ఉన్నవాడికి అది దాదాపు సున్నా. ఆ 194 మందిలో ఎక్కువమంది చివరి నిమిషాలు ఎలా గడిచాయో చెప్పడానికి ఎవరూ మిగలలేదు. వాళ్ళ కథలు లేకపోవడానికి కారణం అదే. వాళ్ళు ఏమీ చేయలేదని కాదు.

పుస్తకాలపురుగు (హైదరాబాద్):

ఆ రాత్రికి ముందు జరిగిన సంగతులు కూడా చెప్పుకోవాలి. అవి లేకపోతే కథ ఉరుము లేని పిడుగులా కనిపిస్తుంది.

హంగోర్ ఫ్రాన్సులో తయారైన డాఫ్నే తరగతి జలాంతర్గామి. అప్పటికి కొత్తది, చప్పుడు తక్కువ. యుద్ధం మొదలయ్యే వేళకే అది బొంబాయి దరిదాపుల్లో తిరుగుతోంది. దానిలోని ఏసీ యంత్రాలు చెడిపోతే నీటిపైకి తేలి బాగుచేసుకోవలసి వచ్చింది. ఆ సమయంలో అది పంపిన రేడియో సంకేతాలను పట్టుకున్న మన దళానికి శత్రు జలాంతర్గామి ఒకటి దగ్గర్లోనే ఉందని అర్థమైంది. దాన్ని వెతికే పని ముల్లా గారి అధీనంలో ఉన్న 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్‌కు అప్పగించారు. మూడు ఓడల్లో కుఠార్ యంత్రాల గది ప్రమాదంతో మూలపడింది. కాబట్టి ఖుక్రీ, కిర్పాణ్ రెండే బయలుదేరాయి.

వేటగాడెవరు, వేట ఎవరు అన్నది ఇక్కడ తారుమారైంది. నీటిలో ధ్వనితో శత్రువును వెతికే సోనార్ మన ఫ్రిగేట్లలో ఎంత దూరం వినగలదో, అంతకు చాలా ఎక్కువ దూరం నుంచే హంగోర్ వీటి చప్పుడు వినగలదు. పైగా మన వెచ్చని సముద్రాల్లో పై నీటికీ లోతు నీటికీ ఉష్ణోగ్రతలో తేడా ఉండడం వల్ల సోనార్ పంపే ధ్వని వంగిపోతుంది, అడుగున దాగిన జలాంతర్గామికి అది కంచెలా పనికొస్తుంది. ఈ లోపాన్ని కొంతైనా పూడ్చడానికి ఖుక్రీలో ఒక యువ అధికారి సోనార్ పరిధిని పెంచే పరికరం ఒకటి అమర్చి పరీక్షిస్తున్నాడు. ఆ పరికరం పనిచేయాలంటే ఓడ నెమ్మదిగా నడవాలి, టార్పెడోను తప్పించుకోవాలంటే వేగంగా నడవాలి. రెండూ ఒకేసారి సాధ్యం కావు. ఆ అధికారి కూడా ఓడతోపాటే పోయాడు.

హంగోర్ మొదటి టార్పెడోను కిర్పాణ్ మీదికి వదిలింది, అది పేలలేదు. తరువాతిది ఖుక్రీకి తగిలింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఒక జలాంతర్గామి యుద్ధంలో శత్రునౌకను ముంచడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ తరువాత 1982లో ఫాక్లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా క్రూయిజరు జనరల్ బెల్గ్రానోను బ్రిటన్ జలాంతర్గామి ముంచింది. అందులో 323 మంది పోయారు. ఈ రెండు ఓడల నావికుల గురించి చదివినవాళ్ళకు ఒకటి తెలుస్తుంది, దెబ్బ కొట్టినవాడి ముఖం ఏ ఒక్కరూ చూడలేదు.

ప్రశ్నార్థకం (గుంటూరు):

అందరూ గౌరవంగా రాస్తున్నారు, బాగుంది. కానీ ఒక సంగతి అడగకుండా ఉండలేకపోతున్నాను. శక్తి చాలని ఓడలను, తమకంటే దూరం వినగల జలాంతర్గామి మీదికి, అదీ నెమ్మదిగా నడిపిస్తూ పంపడం సరైన నిర్ణయమేనా? ఖుక్రీకి దెబ్బ తగిలిన తరువాత కిర్పాణ్ ఆగి నీళ్ళలో ఉన్నవారిని ఎందుకు ఎత్తుకోలేదు? ఇలాంటి ప్రశ్నలు ఎవరైనా ఎత్తగానే "అమరులను అవమానించకండి" అని నోరు మూయిస్తారు. త్యాగం అనే దుప్పటి కప్పేసి పొరపాట్లను దాచిపెడితే, చనిపోయినవారికి మనం చేసే మేలు ఏమిటో నాకు అర్థం కాదు.

విశ్రాంత నావికుడు (శ్రీకాకుళం):

ప్రశ్నార్థకం గారూ, మీరు అడిగినవి తప్పు ప్రశ్నలు కావు. నౌకాదళంలో పదవీ విరమణ చేసిన పెద్ద అధికారులు కూడా అవే ప్రశ్నలు అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. మొదటి ప్రశ్న విషయంలో నేను మీవైపే ఉన్నాను. పనికి తగిన పరికరం ఇవ్వకుండా మనిషిని పంపితే, ఆ లెక్క పంపినవారు చెప్పాలి.

రెండో దాని విషయంలో మాత్రం ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. 1914 సెప్టెంబరు 22న ఉత్తర సముద్రంలో అబూకిర్ అనే బ్రిటిష్ క్రూయిజరును జర్మన్ జలాంతర్గామి యూ-9 ముంచింది. నీళ్ళలో కొట్టుకుంటున్న తోటివారిని ఎత్తుకోవడానికి హోగ్, క్రెస్సీ అనే మిగిలిన రెండు ఓడలూ దగ్గరికి వచ్చి ఆగాయి. అదే జలాంతర్గామి ఆ రెండింటినీ కూడా ముంచేసింది. గంటన్నరలో మూడు ఓడలు, 1,400 మందికి పైగా మనుషులు పోయారు. అప్పటి నుంచి ప్రతి నౌకాదళంలోనూ ఇది పాఠం: జలాంతర్గామి చుట్టుపక్కల ఉన్నప్పుడు ఆగిన ఓడ బతకదు. కిర్పాణ్ మీద అప్పటికే ఒక టార్పెడో వచ్చింది. అది ఆగి ఉంటే ఈ రోజు మనం రెండు ఓడల పేర్లు చెప్పుకునేవాళ్ళమేమో.

అయినా నీళ్ళలో ఉన్నవాడి వైపు నుంచి చూస్తే ఈ పాఠం అంత సులభంగా మింగుడుపడదు, అది నాకూ తెలుసు. డిసెంబరు రాత్రి, చుట్టూ తేలే ఫర్నేస్ ఆయిల్, కళ్ళలోకీ గొంతులోకీ పోయే ఆ నూనె, దూరమైపోతున్న తోడు ఓడ. వారిని మరుసటి రోజు ఐఎన్ఎస్ కచ్చల్ వచ్చి ఎక్కించుకుంది. అంతకు అయిదు రోజుల ముందు కరాచీ దాడిలో క్షిపణి పడవలకు తోడుగా వెళ్ళిన ఓడే అది. విజయం నుంచి వచ్చి శవాల మధ్య తేలేవారిని ఎత్తుకున్న ఆ కచ్చల్ సిబ్బందిని కూడా ఎవరూ తలుచుకోరు.

కృష్ణాతీరం (విజయవాడ):

ముల్లా గారి గురించి ఒక మాట. ఓడతోపాటు మునిగిపోవడం పాత సంప్రదాయమనీ, అనుభవం గల అధికారి బతికి ఉండాల్సిందనీ కొందరు అంటుంటారు. నేను ఆయనకు మరణానంతరం ఇచ్చిన మహావీర చక్ర ప్రశంసా పత్రం చదివాను. అందులో ఉన్నది చావును కోరుకున్న మనిషి చిత్రం కాదు. ఓడ వదిలి పొమ్మని ఆజ్ఞ ఇచ్చాడు, తన ప్రాణరక్షక సామగ్రిని ఒక నావికుడికి ఇచ్చేశాడు, వీలైనంతమందిని పంపించి, ఇంకా ఎవరినైనా కాపాడవచ్చునేమో చూడడానికి బ్రిడ్జి (ఓడను నడిపించే పై గది) మీదికి తిరిగి వెళ్ళాడు. అంటే చివరి క్షణం వరకు ఆయన పనిలోనే ఉన్నాడు. కుర్చీలో కూర్చుని చేతిలో సిగరెట్టుతో కనిపించాడని బతికిన అధికారి ఒకరు చెప్పిన దృశ్యాన్నే అందరూ పదే పదే రాస్తారు. నా మట్టుకు నాకు ఆ సిగరెట్టు కన్నా ఆ ప్రాణరక్షక సామగ్రి అందుకున్న నావికుడే ఎక్కువ గుర్తుంటాడు.

ఇక నేను నిజంగా రాయాలనుకున్నది ఇంటి దగ్గర మిగిలినవారి సంగతి. మా తాతగారు పౌరోహిత్యం చేసేవారు కాబట్టి ఇలాంటి ప్రశ్నలు మా అరుగు మీదికి వచ్చేవి. మనిషి పోయాడని టెలిగ్రాము వస్తుంది, శవం రాదు. శవం లేకుండా దహనం ఎలా? దర్భలతో మనిషి ఆకారం కట్టి, దానికి సంస్కారం చేసి, అపమృత్యువు కాబట్టి నారాయణ బలి జరిపించాలని శాస్త్రం చెబుతుంది. శాస్త్రం చెప్పినంత తేలిగ్గా తల్లి ఒప్పుకోదు. ఎవరో ఓడవాళ్ళు ఎత్తుకుని ఉంటారని, ఏదో తీరానికి కొట్టుకుపోయి ఉంటాడని, ఎప్పటికైనా తలుపు తడతాడని అనుకుంటుంది. దర్భల బొమ్మకు నిప్పు పెట్టడమంటే కొడుకు రాడని సంతకం చేయడమే. భార్యకైతే బొట్టు తీయాలా వద్దా అనేదే ఊరంతా కలిసి నిర్ణయించే విషయం. ఇరవై ఏళ్ళు దాటని పిల్లల విషయంలో ఈ తతంగం ఎంత క్రూరంగా ఉంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

తేదీల దగ్గర కూడా తేడా వస్తుంది. నౌకాదళం డిసెంబరు 9న తలుచుకుంటుంది. ఇంట్లో ఆబ్దికం మార్గశిర బహుళ పక్షంలో ఆ తిథి నాడు పెడతారు. ఏడాదిలో రెండుసార్లు గుర్తు చేసుకోవడం, ఒకసారి దేశం వైపు నుంచి, ఒకసారి ఇంటి వైపు నుంచి. రెండోదానికి బ్యాండు ఉండదు.

సూరత్ తెలుగు:

మా కుటుంబం మగ్గాల పని మీద సిరిసిల్ల నుంచి సూరత్‌కు వచ్చి రెండు తరాలైంది. డయ్యూకు మావాళ్ళు తరచుగా వెళుతుంటారు. ఎందుకు వెళతారో గుజరాత్ మద్యనిషేధం తెలిసినవారికి చెప్పనవసరం లేదు. నేను కూడా మొదటిసారి స్నేహితులతో అలాగే వెళ్ళాను. చక్రతీర్థ్ బీచ్ పక్కన చిన్న గుట్ట మీద ఖుక్రీ స్మారకం ఉంది. గాజు గదిలో ఓడ నమూనా, ఎదురుగా అరేబియా సముద్రం. 1999 డిసెంబరులో దాన్ని ప్రారంభించారు, అంటే ఓడ మునిగిన 28 ఏళ్ళకు. అంత ఆలస్యం ఎందుకైందో నాకు తోచదు, కానీ ఆ ఏళ్ళలో ఎంతమంది తల్లిదండ్రులు అది చూడకుండానే వెళ్ళిపోయి ఉంటారో ఊహించవచ్చు.

సాయంత్రం అక్కడ జనం బాగానే ఉంటారు. ఎక్కువమంది గాజుకు వీపు పెట్టి సముద్రం కనిపించేలా ఫోటోలు దిగుతారు. మా బృందంలో ఒకాయన "ఇది ఏ సినిమా సెట్టు?" అని అడిగాడు. నేను పలక మీద రాసింది హిందీలో చదివి తెలుగులో చెప్పాను. ఆ తరువాత ఆయన ఫోటో దిగలేదు, గాజు గది చుట్టూ ఒకసారి నడిచి వచ్చి గోడ మీద కూర్చున్నాడు.

ఇప్పుడు డయ్యూలో మరో ఖుక్రీ కూడా ఉంది. పాత ఓడ పేరుతోనే 1989లో దళంలో చేరిన క్షిపణి కార్వెట్‌ను (చిన్న యుద్ధనౌకను) 32 ఏళ్ళ సేవ తరువాత విరమింపజేసి, 2022 జనవరిలో డయ్యూ పాలనా యంత్రాంగానికి మ్యూజియం కోసం అప్పగించారు.

తీరవాసి (విశాఖపట్నం):

సూరత్ తెలుగు గారూ, ఆ రెండో ఖుక్రీకి మా ఊరితోనే వీడ్కోలు. 2021 డిసెంబరు 23న విశాఖపట్నంలోనే దాని పతాకం చివరిసారిగా దించారు. పాత ఖుక్రీ మునిగిన యాభయ్యో ఏడాది అది. వార్తాపత్రికల్లో చిన్న వార్తగా వచ్చింది. పాత ఓడ గురించి అందులో ఒక వాక్యం ఉంది.

వరంగల్లు వాసి:

ఇంతవరకు ఎవరూ ఎత్తని ఒక విషయం. డిసెంబరు 9ని పాకిస్తాన్ నౌకాదళం హంగోర్ దినంగా జరుపుకుంటుంది. ఆ జలాంతర్గామిని కరాచీలోని నౌకా మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. మనకు ఏడుపైన రోజు వారికి పండుగ. ఇది చదివి నాకు మొదట కోపం వచ్చింది. ఆ తరువాత మన డిసెంబరు 4 గుర్తుకొచ్చింది. ఆ రాత్రి కరాచీ ముందు మన క్షిపణులకు మునిగిన ఖైబర్ అనే డిస్ట్రాయరులో 200 మందికి పైగా పోయారు. విశాఖ ముందు ఘాజీలో 90 మందికి పైగా, ఒక్కరూ బతకలేదు. ఆ ఇళ్ళలో మన నౌకాదళ దినోత్సవం ఏ రోజో ఒక్కసారి ఆలోచించండి.

నేను ఎవరి పక్షమూ మార్చడం లేదు. ఆ యుద్ధం ఎందుకు వచ్చిందో, తూర్పు బెంగాల్‌లో ఏం జరిగిందో తెలిసినవాణ్ణే. కానీ ఓడ అడుగున వాచ్ మీద ఉన్న పిల్లవాడికి ఆ నిర్ణయాల్లో పాత్ర లేదు, అటైనా ఇటైనా. విశాఖలో ఖుక్రీని తలుచుకోవాలని తీరవాసి గారు కోరుతున్నారు. విశాఖకు కూతవేటు దూరంలో పడి ఉన్న ఘాజీ నావికులను మనుషులుగా తలుచుకోవడం కూడా ఆ పనిలో భాగం కాదా?

దక్షిణగాలి (నెల్లూరు):

వరంగల్లు వాసి గారి సౌజన్యం మెచ్చుకోదగినదే, కానీ నేను ఒప్పుకోను. ఘాజీ విశాఖకు విహారానికి రాలేదు. విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికీ, హార్బరు ముందు మందుపాతరలు పరచడానికీ వచ్చింది. అది తన పని పూర్తి చేసి ఉంటే ఈ చర్చలో 194 బదులు అంతకు ఎన్నో రెట్ల సంఖ్య గురించి మాట్లాడుకునేవాళ్ళం. మనవాళ్ళనే సరిగా తలుచుకోలేని మనం, ముందు ఆ బాకీ తీర్చుకుందాం. శత్రువుల సంగతి వారి దేశం చూసుకుంటుంది.

తీరవాసి (విశాఖపట్నం):

దక్షిణగాలి గారి మాటలో న్యాయం ఉంది. అయినా విశాఖవాడిగా నేను కొంచెం పక్కకు జరుగుతాను.

మా పెద్దలు ఆ రాత్రి సంగతి చెబుతుండగా విన్నాను. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు, తీరం వెంబడి ఇళ్ళ కిటికీలు అదిరాయి. తెల్లవారాక సముద్రంలోకి వెళ్ళిన జాలర్లకు నీటి మీద నూనె తెట్టు, తేలుతున్న వస్తువులు కనిపించాయి, వాటిని తెచ్చి నౌకాదళానికి అప్పగించారు. విక్రాంత్ అప్పటికి అండమాన్ల వైపు దాగి ఉంది. ఆ ఓడ ఇక్కడే ఉందని ఘాజీని నమ్మించడానికి రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయరు ఆడిన నాటకం అందరికీ తెలిసిందే. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోతున పేలే బాంబుల) వల్ల మునిగిందని మనవారు, లోపలి పేలుడు వల్లనో తమ మందుపాతర వల్లనో అని వారు, ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన ఇక్కడ వద్దు.

నేను చెప్పదలచుకున్నది 2024 సంగతి. జలాంతర్గాముల రక్షణ కోసం తెచ్చిన కొత్త వాహనంతో మన నౌకాదళం ఘాజీ శిథిలాలను మళ్ళీ గుర్తించినట్టు ఆ ఏడాది వార్తలు వచ్చాయి. చనిపోయినవారి గౌరవార్థం దాన్ని తాకకుండా వదిలేశారని కూడా ఆ వార్తల్లోనే ఉంది. దానితో యుద్ధం చేసిన దళమే అలా ప్రవర్తించినప్పుడు, ఒడ్డున కూర్చున్న మనకు అంతకు మించిన పంతం ఎందుకు? కురుసుర లోపలికి వెళ్ళినప్పుడు ముందు గదిలో టార్పెడోల పక్కనే నావికుల పడకలు చూపిస్తారు. ఒక మనిషి పక్కకు తిరిగితేనే ఇంకొకరు నడవగలిగే దారి. ఘాజీలోనూ మనుషులు అలాగే పడుకున్నారు. నేను పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు ఇప్పుడు ఆ పడకల దగ్గర కాసేపు ఆగుతున్నాను.

ఒక్కటి మాత్రం దక్షిణగాలి గారితో పూర్తిగా ఏకీభవిస్తాను, ముందు తీర్చవలసిన బాకీ ఖుక్రీదే.

బారువ తీరం (శ్రీకాకుళం జిల్లా):

మీ చర్చ మొత్తం చదివాను. మా వైపు నుంచి ఒక సంగతి కలుపుతాను. మా జిల్లా తీరం పొడవునా ఊళ్ళ నుంచి మగవాళ్ళు ఏటా గుజరాత్ వెరావల్‌కు వేట పనికి వెళతారు. ఇక్కడ జెట్టీలు లేక, గిట్టుబాటు లేక, అక్కడి బోట్లలో జీతానికి నెలల తరబడి సముద్రం మీదే ఉంటారు. వెరావల్ నుంచి డయ్యూ ఎంతో దూరం కాదు. ఖుక్రీ పడి ఉన్న నీళ్ళ మీదుగానే మావాళ్ళ బోట్లు తిరుగుతుంటాయి.

2018 నవంబరులో అలా వేటకు వెళ్ళిన మా ఉత్తరాంధ్ర మనుషులను పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయారు. ఏడాది దాటాక, 2020 జనవరిలో, వాఘా సరిహద్దు దగ్గర వదిలారు. ఆ ఏడాది ఆ ఇళ్ళు ఎలా గడిచాయో నేను కళ్ళారా చూశాను. బతికే ఉన్నారని తెలిసి కూడా ఆడవాళ్ళు పొయ్యి వెలిగించడం మరిచిపోయిన రోజులున్నాయి. కృష్ణాతీరం గారు రాసిన దర్భల బొమ్మ సంగతి చదివినప్పుడు నాకు వారే గుర్తొచ్చారు. మా దగ్గర తుఫానుకు తెప్ప తిరిగి రాకపోయినా ఇదే గొడవ. ఎన్నాళ్ళు చూడాలి, ఎప్పుడు కర్మ చేయాలి, శవం లేనివాడికి సర్కారు కాగితం ఎవరిస్తారు.

మా అన్నయ్య వెరావల్ బోటులో పనిచేసేటప్పుడు, డయ్యూ దాటి పైకి వెళ్ళాక తండేలు (బోటు నడిపే పెద్ద) సముద్రంలో కొబ్బరికాయ కొట్టి పోసేవాడట. ఎందుకని అడిగితే, ఇక్కడ చాలామంది ఉన్నారు అన్నాడట. ఆ తండేలుకు ఖుక్రీ పేరు తెలుసో లేదో అన్నయ్య అడగలేదు.

పుస్తకాలపురుగు (హైదరాబాద్):

బారువ తీరం గారూ, మీరు రాసింది ఏ పుస్తకంలోనూ నాకు దొరికేది కాదు. ధన్యవాదాలు.

ఇక పనికి వద్దాం. ముల్లా గారి పేరు మీద 2000లో తపాలా బిళ్ళ వచ్చింది, ఆయనకు దక్కవలసిన గౌరవమే అది. మిగిలినవారి కోసం మనం చేయగలిగింది పేర్లు పేర్లుగా చదవడం. 2019లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్రం అనే వలయంలోని గోడల మీద, స్వాతంత్ర్యానంతరం విధి నిర్వహణలో పోయినవారి పేర్లు ఒక్కో రాతి పలక మీద ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి. హోదాల వరుసలో కెప్టెన్ పెద్ద అక్షరాల్లో, నావికుడు చిన్న అక్షరాల్లో అని లేదు, రాళ్ళన్నీ ఒకే కొలత. ఢిల్లీలో ఉన్న సభ్యులెవరైనా ఖుక్రీవారి పేర్లు అక్కడ చూసి, నమోదై ఉన్న ఊళ్ళు, రాష్ట్రాలు తెలిస్తే రాసుకుని రాగలరా? వారిలో తెలుగువారు ఎవరైనా ఉన్నారేమో ముందే ఊహించి ప్రచారం చేయవద్దని మాత్రం నా మనవి. ఉంటే తెలుస్తుంది. లేకపోయినా ఆ 194 పేర్లనూ తెలుగు లిపిలో రాసి పెట్టుకోవడానికి అదేమీ అడ్డు కాదు.

ప్రశ్నార్థకం (గుంటూరు):

నేను వచ్చే నెల పని మీద ఢిల్లీ వెళుతున్నాను. ఒక పూట అక్కడికి కేటాయిస్తాను. ప్రశ్నలు అడిగేవాడు పని చేయడని ఎవరూ అనకూడదు కదా. పేర్లతోపాటు హోదాలు కూడా రాసుకుని వస్తాను. ఇంజను విభాగంవారు ఎంతమందో, వంటవారు, సరుకులు చూసేవారు ఎంతమందో కూడా తెలిస్తే బాగుంటుందని విశ్రాంత నావికుడు గారు చెప్పినదాని తరువాత అనిపిస్తోంది.

విశ్రాంత నావికుడు (శ్రీకాకుళం):

హోదాలు పొట్టి అక్షరాల్లో ఉంటాయి, మీకు అర్థం కాకపోవచ్చు. ఎలా ఉన్నవి అలాగే రాసుకుని రండి, ఏది ఏ పనో నేను విడదీసి చెబుతాను. ఫోటోలు తీసేటప్పుడు ఎండ పక్క నుంచి పడే వేళ చూసుకోండి, చెక్కిన అక్షరాలు అప్పుడే స్పష్టంగా వస్తాయి.

తీరవాసి (విశాఖపట్నం):

అయితే డిసెంబరు 9 సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర ఎదురుగా కలుద్దాం. విశాఖలో ఉన్నవారు రండి, రాలేనివారు ఇక్కడే పేర్లు టైపు చేసే పని పంచుకోండి. జాబితా రాగానే ఇరవయ్యేసి పేర్ల చొప్పున భాగాలు చేసి పెడతాను. కృష్ణాతీరం గారూ, ఉచ్చారణలు మీరు ఒకసారి సరిచూడాలి, పంజాబీ, మలయాళీ పేర్లు తెలుగులో రాసేటప్పుడు మనం వంకరలు తిప్పేస్తాం.